దుప్పటి బరువు

ఈ ఆసుపత్రి బల్ల చేసినవాడెవడో గానీ జన్మలో ఒక్కసారైనా దీనిమీద కూర్చుని ఉండడు, అనుకుంది కాటా అక్క, ఎడమ తుంటి మీది బరువును కుడి తుంటికి మార్చుకుంటూ. నాలుగు ఇనుప పట్టీలు, పట్టీకీ పట్టీకీ మధ్య వేలు దూరేంత సందు, ఆ పట్టీలన్నీ సరిగ్గా ఎముకలున్నచోటే తగిలేలా ఎవరో కొలత తీసుకుని మరీ చేసినట్టుంది. పదకొండున్నరకి లోపలికి పిలుస్తామన్నారు. ఇప్పుడు పదిన్నర. ఇంకా గంట. గంటంటే ఎంత, ఒక పాత కాటా విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, ముల్లు సున్నా దగ్గర బుద్ధిగా నిలబడేదాకా చూసుకునేంత. చేతిలో పని ఉంటే గంట ఇట్టే గడిచిపోతుంది, చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మాత్రం ఒళ్లంతా ఒక్కొక్క చోటే లేచి హాజరు పలుకుతుంది. మెడ, ఉన్నాను. భుజం, ఉన్నాను. మోచేయి, నేనూ ఉన్నాను. సరే సరే, అందరూ ఉన్నారు, తెలిసిన సంగతే కదా, ఇక కూర్చోండి, అని తనలో తనే కసురుకుని ఎదుటి గోడకేసి చూసింది. గోడమీద ఆమె గీత ఉంది.

ఆమెదే ఆ గీత. పేరు వేయలేదు, అట్ట పైన ‘కాటాలు బాగుచేసే మహిళ, నలభై ఆరేళ్లు, పది వారాలు’ అని రాసి, కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీశారు. సున్నా అంటే నొప్పి లేదని, పది అంటే ఇక నా వల్ల కాదని. గీత ఏడు దగ్గర మొదలైంది, మొదటి వారంలోనే మూడుకి దూకింది, అక్కణ్ణుంచి మెల్లగా జారుతూ జారుతూ పదో వారానికి రెండు దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంది. పెన్ను మూత కొరికే అలవాటున్న డైటీషియన్ ఆ గీత గీస్తున్నప్పుడు ఎంత మురిసిపోయిందో, తన సొంత పిల్ల నడక నేర్చుకున్నట్టు. ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా ఉండి మొక్కల తిండికి మారాలనుకునేవాళ్లని ఎనిమిది మందిని కొత్తగా చేర్చుకున్నారు, వాళ్లకి మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలండీ అని అడిగింది. పొద్దుటి నుంచీ ఆ నాలుగు మాటలే నోట్లో నానుతున్నాయి. కష్టంగానే ఉంటుంది, అయినా పట్టు వదలకండి. ఇంతే చెప్తుంది. పట్టు వదలకపోవడం ఒక్కటే కదా తనకి చేతనైంది. తుప్పు పట్టిన మరమేకుకి నాలుగు గంటలు నూనె పోసి కూర్చున్న రోజులున్నాయి, వదల్లేదు, చివరికి ఆ మరే సిగ్గుపడి ఊడివచ్చింది.

పది వారాలు. పాలు బంద్, పెరుగు బంద్, వెన్న, గుడ్డు, చేప, మాంసం అన్నీ బంద్. చిక్కుడు గింజలు, శనగలు, ఆకులు, దుంపలు, పళ్లు, బాదం. డాక్టరమ్మ ముందే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది, ఇది మందు కాదు, కొందరికి కాస్త ఊరట దొరికిందంటున్నారు, అందరికీ దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, మాత్రలు మాత్రం నాతో మాట్లాడకుండా మానొద్దు, బి పన్నెండు విటమిన్ మర్చిపోవద్దు, అని. సరే అంది. సరే అన్నాక ఇక కాటా అక్క సంగతి తెలిసిందే కదా. మాంసం పోతే పోయింది, గుడ్డు పోతే పోయింది, పెరుగు దగ్గరే ప్రాణం విలవిల్లాడింది. నాలుగో వారంలో ఒకరోజు ఫ్రిజ్ తలుపు తెరిచి, అక్కడే నిలబడి, చెంచా కూడా లేకుండా వేలితో తీసుకుని ఒక కప్పు పెరుగు తినేసింది, తిన్నాక వెళ్లి, రోజూ తిండీ నొప్పీ రాయమని వీళ్లిచ్చిన కాగితంలో రాసింది కూడా, పెరుగు, ఒక కప్పు, ఆకలి వల్ల కాదు, ఆశ వల్ల. డైటీషియన్ అది చదివి నవ్వాపుకోలేకపోయింది. ఇంట్లో ఆయన అయితే గోడలకి రంగులు వేసి వేసి సాయంత్రానికి మీసాల్లో తెల్లచుక్కలతో వచ్చి, ఇంటి ముందు కుండీల్లో మొక్కలు నిన్ను చూసి వణికిపోతున్నాయే అనేవారు. ఆ నోటితోనే అలా అని, తన గుడ్డు తను ఉడకబెట్టుకుని, వాసన లోపలికి రాకూడదని మెట్లమీద కూర్చుని తినేవారు. వానపడ్డ రోజు గొడుగేసుకుని మెట్లమీద గుడ్డు తింటున్న మనిషిని చూసి ఎదురింటివాళ్లు మొగుడూ పెళ్లాలకి చెడిందనుకున్నారు. తల్చుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకల కింద కలుక్కుమంది. ఉన్నాను, అంది పక్కటెముక. తెలుసులే, అంది ఆమె.

బల్లమీద పక్కన ఎవరో కూర్చున్నారు. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటుంది అమ్మాయికి, మెడలో టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మర్చిపోయి వచ్చేసినట్టుంది, కుట్టుపని అన్నమాట. చూపుడువేలి కొసన సూదిపోట్లు నల్లగా చిన్న చిన్న చుక్కలు. ఒళ్లో కొత్త కాగితం, తను పది వారాలు నింపిన కాగితం లాంటిదే, మొదటి గడిలో నాలుగు అని వేసుంది. నాలుగే, అనుకుంది కాటా అక్క, పరవాలేదు, చిన్న వయసు, తొందరగానే బయటపడుతుంది. ఆ అమ్మాయి ముందు ఆమె కాళ్ల దగ్గరున్న పనిముట్ల పెట్టెను, మూత సందులోంచి కనబడుతున్న ఇత్తడి తూకం రాళ్లను చూసి, తర్వాత గోడను చూసి, మళ్లీ పెట్టెను చూసింది.

“గోడమీద ఉన్నది మీరేనా అక్కా?”

“నేనే.”

“నిజంగా రెండుకి వచ్చేసిందా?”

“వచ్చింది,” అంది కాటా అక్క. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో కొంచెం గర్వం తగిలింది, తగలనీ, పది వారాలు పెరుగు మానిన మనిషికి ఆ మాత్రం ఉండదా.

అమ్మాయి ఊపిరి వదిలింది, చాలా రోజులుగా బిగబట్టుకున్న ఊపిరిలా. “అయితే నేను రేపట్నుంచి మాత్రలు ఆపేస్తాను. అవి వేసుకుంటే పొద్దున్నే మత్తు వదలదు, సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పడుతుంది. తిండితోనే పోయేదుంటే అవెందుకు చెప్పండి. మిమ్మల్ని చూశాక ధైర్యం వచ్చింది.”

అలా కాదు, అని నోరు తెరిచేలోపే గది తలుపు తెరుచుకుంది, కొత్తవాళ్లంతా రండి అని డైటీషియన్ పిలిచింది, అమ్మాయి లేచింది. లేవడం ఎలా లేచిందో కాటా అక్క చూసింది. రెండు చేతులూ మోకాళ్లమీద ఆనించి, ముందుకు వంగి, ఒక క్షణం ఆగి, అప్పుడు. ఆ ఆగడం తనకి తెలుసు. ఆ ఆగడం అమ్మ దగ్గర చూసింది. తలుపు మూసుకుంది. సరేలే, లోపల డాక్టరమ్మ చెప్తుందిలే, అందరికీ చెప్తుంది కదా, అని సర్దిచెప్పుకుంది గానీ మనసు సర్దుకోలేదు, ఎప్పుడో పోయిన అమ్మ వచ్చి పక్కన ఖాళీ అయిన చోట కూర్చుంది.

అమ్మ బట్టలు ఇస్త్రీ చేసేది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నిలబడే. మడతలు వేళ్లతో కాకుండా అరచేతి మడమతో నొక్కేది, వేళ్లు వంగేవి కావు, ఆ సంగతి ఆమెకి పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు, చిన్నప్పుడు అదేదో పనితనం అనుకుని తనూ అలాగే నొక్కేది. ఒళ్లెలా ఉందమ్మా అని ఎవరడిగినా ఒకటే జవాబు, మామూలే. వానొచ్చినా మామూలే, ఎండ కాసినా మామూలే. ఆ మామూలు లోపల ఎంత ఉందో ఎవరూ విప్పి చూడలేదు. అమ్మ కూడా చూడలేదేమో. ఒకరోజు నీళ్ల బకెట్టు ఎత్తబోయి అక్కడే కూలబడింది, మేనత్త వచ్చి, రోజూ మామూలే అన్నావుగా, ఇవాళ కొత్తగా ఏమొచ్చింది, పని తప్పించుకోవడానికి కాకపోతే, అంది. అత్తయ్య చెడ్డది కాదు. చెప్పిన లెక్క ప్రకారమే అడిగింది. అమ్మ ఏడవలేదు, గోడ పట్టుకుని లేచింది, మళ్లీ ఇస్త్రీకి వెళ్లింది. పద్నాలుగేళ్ల తను గుమ్మంలో నిలబడి ఉంది, ఏమైనా అనుండాల్సింది, అనలేదు. ముప్పై రెండేళ్లయినా ఆ గుమ్మంలోంచి పూర్తిగా కదల్లేదు తను. అమ్మ నొప్పికి పేరు పెట్టకుండానే పోయింది. పేరు తనకి దొరికింది, అంత పొడుగు పేరు, ఆయనకి రెండు నెలలు నోరు తిరగలేదు.

నడవ చివర కాటా ఉంది. వచ్చినప్పటి నుంచీ దానివైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుంది, కానీ దర్జీ కళ్లు ఎదుటివాళ్ల చొక్కా మీదికి పోయినట్టు తన కళ్లు అటే పోతున్నాయి. పసిపిల్లల్ని తూచే కాటా, పైన తెల్లటి తొట్టె. వెనక ఎడమ కాలు కింది బల్లకి ఆనడం లేదు. ఆనడం లేదని ఇంత దూరం నుంచే తెలుస్తోంది, నర్సు పక్కనుంచి వెళ్లినప్పుడల్లా బల్ల కదిలి అంకెలు ఒణుకుతున్నాయి. ఎవడి పని అది. ఆసుపత్రి వాళ్ల మనుషులుంటారు, ఇక్కడ తను రోగి, రోగి రోగిలా కూర్చోవాలి. కూర్చుంది. రెండు నిమిషాలు కూర్చుంది. లేచింది. చేతులు మోకాళ్లమీద, ముందుకు వంగి, ఆగి, అప్పుడు. నర్సుని అడిగి, కాటా కింద వేళ్లు దూర్చి, వెనక ఎడమ కాలి మరని ముప్పావు చుట్టు తిప్పింది. ఒణుకు ఆగిపోయింది. బొటనవేలి మొదట్లో మంట లేచింది, లేస్తే లేచింది. నర్సు ఆశ్చర్యంగా, పది నెలల నుంచీ అది అలాగే తలాడిస్తోందండీ, అంది. పది నెలలు. పది నెలలుగా తూచిన పసివాళ్లందరి బరువూ. తల కొట్టుకుందామనిపించింది.

అప్పుడే ఒక పెద్దావిడ మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది, మందపాటి ఊలు దుప్పట్లో చుట్టి. ఒట్టి తొట్టె చల్లగా తగిలితే పిల్లాడు ఏడుస్తాడని, నర్సు ముందు దుప్పటి ఒక్కదాన్నే తొట్టెలో పరిచి, బటన్ నొక్కింది. అంకె సున్నా అయింది. తర్వాత పిల్లాణ్ణి దానిమీద పడుకోబెట్టింది. ఆరు కిలోల రెండొందలు. పద్ధతిగా చేసింది, తప్పు పట్టడానికేం లేదు, కాటా అక్క తల ఊపింది కూడా. పెద్దావిడ పిల్లాణ్ణి మళ్లీ దుప్పట్లో చుట్టి, భుజాన వేసుకుని, నడుం సర్దుకుంటూ మూలిగింది.

“ఆరు కిలోలేనంటావా అమ్మాయ్? మీ కాటా దుప్పటిని వదిలేసింది గానీ, నా చేతులు వదల్లేదు.”

నర్సు నవ్వింది. కాటా అక్కా నవ్వింది, నవ్వుతూ వచ్చి బల్లమీద కూర్చుంది, నవ్వు మొహంమీద ఇంకా ఉండగానే ఎదురుగా గోడమీద గీత కనిపించింది. ఏడు నుంచి మూడుకి. మొదటి వారంలో. ఒక్కసారిగా. ఇరవై రెండేళ్లుగా కాటాలు చూస్తోంది, ఏ ముల్లూ అలా దూకదు. బరువు నిజంగా తగ్గితే ముల్లు ఊగుతుంది, అటూ ఇటూ వెతుక్కుంటుంది, మెల్లగా కిందికి వస్తుంది. అలా ఒక్క ఉదుటున దూకిందంటే ఒకటే అర్థం, ఎవరో బటన్ నొక్కారు. ఖాళీ గిన్నె బరువు తీసేశారు.

ఎవరు నొక్కారు.

పొద్దున్నే మెలకువ వస్తుంది. కళ్లు తెరవదు. ముందు ఒళ్లంతా ఒకసారి తడుముకుంటుంది లోపల్నుంచే, మెడ ఉందా, ఉంది, అది రోజూ ఉండేదే, భుజాల మధ్య రాయి ఉందా, ఉంది, అదీ ఉండేదే, తుంటి, మోకాళ్లు, అరికాళ్లలో సూదులు, అన్నీ ఎవరి చోట్లో వాళ్లున్నారు, సరే, ఇవాళ కొత్తగా ఏముంది. మోచేయి కొంచెం. తల కొంచెం. రెండు. లేచి రాస్తుంది, రెండు. డెబ్బై పొద్దులు అలాగే రాసింది. ఎంతో శ్రద్ధగా, పెన్సిలు చెక్కుకుని మరీ, పెరుగు కప్పుని కూడా దాచకుండా. కప్పు పెరుగుకి లెక్క రాసింది, గిన్నె మొత్తాన్ని లెక్కలోంచి తీసేసింది. నర్సు మొదటి రోజు ఒళ్లంతా కలిపి ఎంత అని అడిగింది, ఏడు అంది. ఇంటికెళ్లి మర్నాడే కాగితం మీద ఇవాళ నొప్పి ఎంత అని ఉంటే మూడు వేసింది. ఆ మర్నాటికి ఇంకా పాలు కూడా మానలేదు, ఆ పొద్దున పాల టీయే తాగింది, బాగా గుర్తు, ఇదే ఆఖరి పాల టీ అని ఆయన కప్పుకి దండం పెట్టారు. ఒక్క రాత్రిలో నాలుగు ఎక్కడికి పోతుంది. ఎక్కడికీ పోలేదు. తనే బటన్ నొక్కింది. తూకాల మనిషి కదా, చెయ్యి దానంతటదే పోయింది. పని నేర్పిన పెద్ద మేస్త్రీ, పోయి ఏడేళ్లయింది పాపం, రోజుకొకసారి అనేవాడు, కాటా అబద్ధం చెప్పదమ్మా, నువ్వేం అడిగావో దానికే బదులు చెప్తుంది, ముందు నువ్వేం అడుగుతున్నావో చూసుకో. చూసుకోలేదు. ఊరందరి కాటాలూ సరిచేసిన మనిషి తన కాటాని సరిచూసుకోలేదు. కాటాల దాకా ఎందుకు, ఈ బటన్ తను కనిపెట్టిందా. అమ్మ నొక్కింది ముందు. మామూలే. ఆ ఒక్క మాటతో మొత్తం గిన్నెని, ఇస్త్రీ పెట్టెని, వంగని వేళ్లని, నీళ్ల బకెట్టుని సున్నా చేసేసింది. మిగిలింది చూసి జనం, ఏమీ లేదే, అన్నారు. అమ్మ మీద కోపం వచ్చింది, ఇన్నేళ్లలో మొదటిసారి, ఆ వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మకి ఎవరైనా చెప్పుండాల్సింది, కలిపి చెప్పవే అని.

కలిపితే ఎంత. ఇప్పుడు, ఈ బల్లమీద, బటన్ నొక్కకుండా. భయం వేసింది. ఇన్నేళ్లు కూర్చోండి కూర్చోండి అని కసిరి నోరు నొక్కినవాళ్లందర్నీ ఒక్కసారి లేవమనడం. లేవండి, అంది. లేచారు. మెడ వెనక కాల్చిన తాడు, భుజాల మధ్య రాయి, రెండు తుంటులూ, మోకాళ్ల వెనక లాగుతున్న నరాలు, అరికాళ్లు, దవడ, దవడ కూడానా, దవడ బిగించుకుని ఉంటుందని తనకే తెలీదు, బొటనవేలి మంట, చర్మం మీద చీర అంచు తగిలినచోట కూడా ఒక గీత. ఇంత మోస్తున్నానా నేను. మోస్తూ పని చేస్తున్నానా. జాలి వేసింది, తన మీద తనకే, ఆ జాలి వెనకే ఒక రకమైన గౌరవం. సరే. ఎంత. ఆరు కాదు, ఆరు తనకి తెలుసు, ఆరంటే అంట్లు తోమలేదు. నాలుగు కాదు. ఐదు. పొద్దున రాసింది రెండు, మొత్తం ఐదు, అంటే గిన్నె, ఆ రోజూ ఉండేవన్నీ కలిపి, ఇప్పుడు మూడు. ఏడు నుంచి ఐదు.

ఏడు నుంచి ఐదు. ఐదు నుంచి రెండు దాకా గోడమీద ఉన్న ఆ ఎర్ర జారుడుబల్ల అంతా ఒట్టిదే. పది వారాలు. పెరుగు. మెట్లమీద గొడుగు కింద గుడ్డు తిన్న మనిషి. ఆయన రంగుల డబ్బాల దగ్గర అందరికీ చెప్పుకున్నారు, మా ఆవిడకి రెండుకి దిగిందిరా అని. చెప్పకపోతే ఏం. ఎవరికి తెలుస్తుంది. లోపలికెళ్లి పట్టు వదలకండి అని నాలుగు మాటలు చెప్పి, పెట్టె తీసుకుని పనికి పోవచ్చు, ఆ డైటీషియన్ అమ్మాయి మురిపెం చెడగొట్టడం ఎందుకు, ఆశ పెట్టుకున్న ఎనిమిది మంది ఆశ తీయడం ఎందుకు. ఈ ఆలోచన తియ్యగా వచ్చింది, కప్పు పెరుగంత తియ్యగా. అప్పుడు ఆ అమ్మాయి లేచిన తీరు కళ్లముందుకి వచ్చింది. రేపట్నుంచి మాత్రలు ఆపేస్తుంది. ఒక తప్పు కాటా చూసి. తప్పు కాటాకి సీలు వేసి ఇచ్చినట్టే కదా తను నోరు మూసుకుంటే. ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పు కాటాకి సీలు వేయలేదు, ఎంత పెద్ద దుకాణమైనా, ఎంత బతిమాలినా, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కనిపిస్తుంది గానీ కాటా అక్క దగ్గర ఆ పప్పులుడకవు అని అందరికీ తెలుసు. ఇక్కడ మాత్రం ఉడుకుతాయా.

సంచిలోంచి పని డైరీ తీసింది. రోజుకి ఎన్ని కాటాలు చూసిందో రాసుకునే డైరీ, నొప్పికి సంబంధం లేనిది, ఏ బటన్ నొక్కినా మారనిది. ఒంట్లో బాగున్న రోజుల్లో తొమ్మిది, పది. నిరుడు ఈపాటికి మూడు, మూడు, రెండు, సెలవు, మూడు. ఈ నెల ఐదు, ఐదు, ఆరు, ఐదు. మళ్లీ చూసింది. ఐదు, ఐదు, ఆరు, ఐదు. ఎనిమిదో వారంలో రొట్టెల బట్టీ వాళ్ల రెండో అంతస్తుకి పది కిలోల రాయి ఆగకుండా మోసింది, పైకెళ్లాక గానీ ఆగలేదన్న సంగతి తట్టలేదు. నిద్రలో ఐదుసార్లు లేచేది ఇప్పుడు రెండుసార్లు. ఇవి ఉన్నాయి. ఇవి గీత మీద లేవు గానీ ఉన్నాయి. తిండి వల్లే అని ఒట్టు వేయలేదు, వేళకి పడుకోవడం వల్ల కావచ్చు, మాత్రల వల్ల కావచ్చు, అన్నీ కలిసి కావచ్చు, అయినా ఏడు మోసిన మనిషికి రెండు దిగడమంటే ఏమిటో ఎవరో చెప్పక్కర్లేదు. రెండంటే రెండో అంతస్తు. పట్టు వదలదు. ఇంకో పది వారాలు, ఈసారి గిన్నెతో సహా. గీత ఒట్టిదన్న కోపం ఎక్కడికి పోయిందో చూసుకుంటే, లేదు. దాని చోట పొద్దున్నే పెట్టె సర్దుకుని బయల్దేరేటప్పుడు ఉండే బిగువు ఉంది.

తలుపు తెరిచి డైటీషియన్ రమ్మని నవ్వుతూ పిలిచింది. చేతులు మోకాళ్లమీద, వంగి, ఆగి, అప్పుడు. లోపల ఎనిమిది కుర్చీలు గుండ్రంగా, ఎనిమిది మొహాలు, అన్నిటిలోనూ ఒకటే ఆకలి, తిండికి కాదు. కుట్టుపని అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకుని. వీరే నేను చెప్పిన ఆవిడ, ఏడు నుంచి రెండుకి వచ్చారు అని డైటీషియన్ పరిచయం చేసి, మాట కలపడానికి మామూలుగానే అడిగింది.

“ఇవాళ ఎలా ఉన్నారండీ?”

అమ్మ మాట నాలుక కొసదాకా వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందో, ఎన్నేళ్లుగా అరిగిన దారి కదా. దాన్ని అక్కడే ఆపింది. దవడ వదులు చేసింది.

“ఐదు,” అంది. “దుప్పటితో సహా.”

ఎవరికీ అర్థం కాలేదు. డైటీషియన్ పెన్ను మూత నోట్లోంచి తీసింది. కాటా అక్క కూర్చోకుండా నిలబడే చెప్పింది, పసివాడి సంగతి, పెద్దావిడ మాట, తను పొద్దున్నే ఎలా లెక్కపెడుతుందో, మొదటి మర్నాటి మూడు ఎక్కణ్ణుంచి వచ్చిందో, పాల టీతో సహా. గోడమీద గీత తప్పని, తప్పు తనదేనని, ఏడు నుంచి ఐదుకే వచ్చిందని, అదీ మాత్రలు ఒక్కపూట మానకుండా వస్తేనే వచ్చిందని. పది కిలోల రాయి సంగతి, రెండో అంతస్తు సంగతి, నిద్ర సంగతి కూడా దాచలేదు, ఇవి నిజం, వీటి కోసమే ఇంకో పది వారాలు తింటాను అంది. డైటీషియన్ మొహం కాసేపు వాడిపోయింది, పాపం ఎంత ముద్దుగా గీసుకుంది, తర్వాత లేచి బయటికెళ్లి అట్ట ఊడదీసి తెచ్చి బల్లమీద బోర్లా పెట్టింది, వెనక వైపు ఖాళీగా ఉంది, రేపు ఇద్దరం కూర్చుని మొదట్నుంచీ గీద్దామండీ, డైరీ కూడా తెండి అంది. ఒకాయన, ఐదుకేనా ఇంత అవస్థ, అని గొణిగాడు. గొణుక్కోనీ, ఆయన ఇంకా ఏడు నుంచి దిగలేదు.

కుట్టుపని అమ్మాయి తల వంచుకుని ఒళ్లోని కాగితాన్నే చూస్తోంది. అందరూ మాటల్లో పడ్డాక కాటా అక్క వెళ్లి పక్క కుర్చీలో కూర్చుంది. మాత్రలతో మత్తుగా ఉంటోందని డాక్టరమ్మకి చెప్పు, మోతాదో వేళో మారుస్తుంది, నీ అంతట నువ్వు ఆపకు అని మెల్లగా చెప్పింది. అమ్మాయి విన్నదో లేదో. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

“అన్నీ కలిపి రాయాలా అక్కా? రోజూ ఉండేవి కూడానా?”

“రోజూ ఉండేవే ముందు.”

అమ్మాయి కళ్లు మూసుకుంది. భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. లోపల ఎవరెవరు లేచి నిలబడుతున్నారో కాటా అక్కకి తెలుసు, ఆ చేతిమీద తన చెయ్యి వేద్దామనుకుని, ముట్టుకుంటే నొప్పేమోనని ఆగింది. అమ్మాయి కళ్లు తెరిచి, మొదటి గడిలో ఉన్న నాలుగుని ఒక గీతతో కొట్టేసి, పక్కన ఎనిమిది వేసింది. వేసి, దానికేసి చూసింది, ఎవరో పరాయివాళ్ల నొప్పిని చూస్తున్నట్టు. తర్వాత సంచి తెరిచి మాత్రల షీటు బయటికి తీసింది.

“ఖాళీ కడుపుతో వేసుకోకు,” అంది కాటా అక్క. తన టిఫిన్ డబ్బా మూత తీసి, ఉడికించిన శనగలు ఆ అమ్మాయి ముందుకి జరిపింది.